ప్లేటు వెంట, కచేరీ వెంట

మా పిల్లలు ఒక సాయంకాలం ముస్తాబై "బ్యాండు వినడానికి పోతున్నాము" అని చెప్పినప్పుడు, మా ఇంటి పెద్దావిడ "పెళ్ళెవరిదిరా?" అని అడిగింది. ఆమెను చూచి నవ్వవలసిన పని లేదు. బ్యాండు అంటే మనకు ఊరేగింపు ముందు పెట్రోమాక్సు లైట్ల వెలుతురులో క్లారినెట్లు ఊదుకుంటూ నడిచే మేళమే గాని మరొకటి కాదు. పిల్లలు చెప్పే బ్యాండు వేరు. నలుగురైదుగురు స్నేహితులు ఒకచోట కూడి, పాట తామే కట్టి, తామే వాయించి, సినిమా కంపెనీ ప్రాపు లేకుండానే జనం ముందుకు వస్తారు. వారిని అంటిపెట్టుకొని కొంతమంది శ్రోతలు ఉంటారు. కొత్త ప్లేటు ఎప్పుడు వస్తుంది, ఈ నెలలో ఎక్కడ పాడుతున్నారు, ఎవరు విడిచిపోయినారు, ఎవరు వచ్చి చేరినారు, ఇవన్నీ ఆ శ్రోతలకు కంఠస్థం. ఇట్టి స్వతంత్ర బృందాల పుట్టుపూర్వోత్తరాలు మేము ఎరిగినంత మేరకు ఇక్కడ మనవి చేస్తాము.

సినిమాకు వెలుపల పాట పుట్టడం తెలుగువారికి వింత కాదు. గ్రామఫోను రోజుల్లో సినిమా పాటల ప్లేట్లు ఒక వరుస అయితే, 'ప్రైవేటు' పాటల ప్లేట్లు ఇంకొక వరుస. సాలూరు రాజేశ్వరరావుగారు, రావు బాలసరస్వతీదేవిగారు కలిసి పాడిన లలితగీతాలు, టంగుటూరి సూర్యకుమారిగారి ప్రైవేటు పాటలు, ఘంటసాలగారి కంఠంలో కరుణశ్రీగారి 'పుష్పవిలాపం' ఏ కథానాయకుని పెదవుల ఆసరా లేకుండానే ఇంటింటా మ్రోగినవి. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ లక్క ప్లేటు ఒక్కొక్క వైపు మూడు నిమిషాలు, మహా అయితే ఇంకొంచెం. ఆ మూడు నిమిషాలను ముల్లు అరిగిపోయేదాకా విన్నవారే, గాయకుడు ఊరికి వస్తున్నాడంటే పందిట్లో ముందు వరుస కోసం మధ్యాహ్నం నుంచే తుండుగుడ్డ పరచి వచ్చేవారు. పొట్టకూటికి ఊరు విడిచి వచ్చిన కుటుంబాలకు ఇందులోని మర్మం వేరే చెప్పనక్కరలేదు. ప్లేటు ఉత్తరం వంటిది. కచేరీ మనిషి రావడం వంటిది.

ఇక అసలు సంగతి. గిటారులు, డ్రమ్ములు పట్టిన బృందాలు మన నగరాల్లో మొదట ఎక్కువగా ఇంగ్లీషు పాటలకు నకళ్ళు వాయించేవి. ఆ దారి తప్పించి, తమ భాషలో తమ పాట కట్టినవారిలో ముందుగా చెప్పుకోవలసినది కలకత్తా బృందం ఒకటి. 1975 ప్రాంతంలో గౌతమ్ చటోపాధ్యాయ, ఆయన తమ్ముళ్ళు, స్నేహితులు కలిసి 'మొహీనేర్ ఘోడాగులి' అనే పేరు పెట్టుకొన్నారు. మొహీను గుర్రాలు అని అర్థం. జీవనానంద దాస్ కవితలో నుండి తీసుకొన్న మాట. 1977, 78, 79 సంవత్సరాలలో ఏడాదికొక ప్లేటు చొప్పున మూడు వెలువరించినారు. బావులు పాటలో గిటారు కలిపితే ఆనాటి శ్రోతలకు అది రుచించలేదు. విన్నవారు కొద్దిమంది. 1981 నాటికి బృందం విడిపోయి ఎవరి బ్రతుకు వారు చూచుకొన్నారు. కాని ఆ కొద్దిమంది శ్రోతలు మరచిపోలేదు. 1995లో గౌతమ్ మళ్ళీ పాటలు పోగుచేసి, కొత్త పిల్లలను తోడు తెచ్చుకొని, కలకత్తా పుస్తకాల సంతలో ఒక సంపుటి విడుదల చేసినారు. 'మళ్ళీ ఇరవై ఏళ్ళ తరువాత' అని అర్థం వచ్చే పేరు దానిది. ఈసారి బెంగాలు యువకులు ఎగబడి విన్నారు. 1999లో గౌతమ్ కాలం చేసినారు. 2006లో ఒక హిందీ సినిమా వారి 'పృథిబీ' వరుసను తన పాటకు తీసుకొంటే దేశమంతా పాడుకొన్నది. గుర్రాల పేరు మాత్రం బెంగాలు వెలుపల ఎందరికి తెలుసును!

మేము దగ్గరగా వెంట తిరిగినది ఢిల్లీ బృందం ఒకటి, ఇండియన్ ఓషన్. సుస్మిత్ సేన్‌ది గిటారు, అసీమ్ చక్రవర్తిది తబలా, గాత్రం. వారిద్దరి స్నేహం 1984 నాటిది, బృందం 1990లో ఏర్పడినది. మరుసటి ఏట రాహుల్ రామ్ బేస్ గిటారుతో వచ్చి చేరినారు. ఆయన అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పుచ్చుకొని, తిరిగి వచ్చి నర్మదా లోయలో ఆనకట్టకు ఎదురు నిలిచిన జనంతో తిరిగినవారు. 1994లో అమిత్ కిలమ్ డ్రమ్ములకు కుదిరినారు. ఈ నలుగురూ కలిసి పదిహేనేళ్ళు వాయించడమే ఒక విశేషం. మన నాటక సమాజాల చరిత్ర తెలిసినవారికి ఆ మాట విలువ తెలుస్తుంది.

1993లో వారి మొదటి సంపుటిని హెచ్.ఎం.వి. వారు క్యాసెట్టుగా తెచ్చినారు. తరువాత నాలుగేళ్ళు కొత్త ప్లేటు ఊసే లేదు. 1997 జనవరి 1న ఢిల్లీలో 'సహమత్' సంస్థవారు ఆరుబయట ఒక సభ జరిపినారు. వీధినాటకం ఆడుతూండగా 1989 జనవరి 1న దెబ్బలు తిని మరునాడు మరణించిన సఫ్దర్ హష్మీ జ్ఞాపకార్థం ఏటేటా జరిగే సభ అది. అక్కడ ఈ నలుగురు వాయించిన దానిని ఉన్నది ఉన్నట్టు పట్టి 'డెజర్ట్ రెయిన్' అనే సంపుటిగా తెచ్చినారు. చప్పట్లు, చలిలో నిలబడిన జనం, అన్నీ అందులో ఉన్నవి. ఉత్తరం మనిషి గొంతుతోనే వచ్చినట్టయినది.

2000లో వచ్చిన 'కందీశ' వారిని ఊరూరా తెలిసినవారిని చేసినది. ఆ పేరుగల పాట కేరళలోని సురియానీ క్రైస్తవులు తరతరాలుగా పాడుకొనే ప్రార్థన. అదే సంపుటిలో నర్మదా తల్లిని కొలిచే 'మా రేవా', గోరఖ్ పాండే కట్టిన భోజ్‌పురీ ఉద్యమగీతం కూడా ఉన్నవి. సురియానీ మాట ఒక్కటి రాని కుర్రవాళ్ళు వేలమంది ఆ ప్రార్థనను గొంతెత్తి పాడినారు. ఇంట ఒక భాష, వీధిలో ఒక భాష, బడిలో మరొకటిగా పెరిగే మన పిల్లలకు ఆ సభల్లో పరాయితనం తోచకపోవడంలో ఆశ్చర్యం లేదు. 2003లో కబీరు మాట తలమీద పెట్టుకొన్న 'ఝీనీ' వచ్చినది. తరువాత సినిమావారే వెదుక్కుంటూ వచ్చినారు. బొంబాయి బాంబు ప్రేలుళ్ళ కథతో తీసిన 'బ్లాక్ ఫ్రైడే' కోర్టులో చిక్కుకొని 2007 దాకా తెరకెక్కలేదు గాని, అందులో వీరి 'బందే' పాట చిత్రం కంటె ముందే కచేరీల్లో మ్రోగినది.

ఆ రోజుల్లో ఈ బృందాల కబురు తెలుసుకోవడం అంత సులభం కాదు. దినపత్రికలకు ఇది పట్టేది కాదు. అలహాబాదు నుండి 1993లో మొదలైన 'రాక్ స్ట్రీట్ జర్నల్' అనే పత్రిక చేత చిక్కితే పండుగ. ప్రయాగలో ఎలక్ట్రిక్ గిటారుల పత్రిక ఏమిటని మేమే మొదట నవ్వినాము. బొంబాయివారికి 1986 నుండి 'ఇండిపెండెన్స్ రాక్' అనే వేడుక ఉండేది. పూనాలో 2010లో 'వీకెండర్' మొదలైనది. మిగిలిన ఊళ్ళవారికి క్యాసెట్టు మీద క్యాసెట్టు కాపీ తీసి చేతులు మార్చుకోవడమే గతి. పాపం, ఆ కాపీలకు బృందానికి కానీ ముట్టేది కాదు. ముట్టినదల్లా కచేరీ సంభావనే.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నలుగురూ కలిసి వాయిస్తున్న రోజుల్లో ఆ బృందం రెండు మార్లు మా నగరానికి వచ్చినది. ఒకసారి ఆఫీసు పని, ఒకసారి వర్షం. ప్లేట్లు ఉన్నవి గదా, మళ్ళీ వస్తారు గదా అనుకొన్నాము. 2009 డిసెంబరు 25న అసీమ్ చక్రవర్తి గుండెజబ్బుతో మరణించినారు. ఆయన గొంతు మా ఇంట్లో ఇప్పటికీ మ్రోగుతుంది. ఆయనను మాత్రం మేము చూడలేదు.

వారు ఏళ్ళ తరబడి సాధన చేసినది ఢిల్లీ కరోల్‌బాగ్‌లో ఒక పాత బంగళా. అసీమ్ బ్రతికి ఉండగా పట్టిన పాటలు ఏడు మిగిలినవి. 2010లో వాటికి ఆ బంగళా ఇంటి నెంబరే, '16/330 ఖజూర్ రోడ్' అని, పేరు పెట్టినారు. ఆ పాటలను ఏ కంపెనీకీ ఇవ్వక, నెలకొకటి చొప్పున ఎవరైనా ఇంటర్నెట్టులో ఉచితంగా తీసుకోవచ్చునని వదలినారు. వ్యాపారం తెలిసినవారు దీనిని పిచ్చి అన్నారు. మేము అట్లా అనుకోము. ప్లేటు మీద వచ్చే పైకం ఎటూ కంపెనీదే అయినప్పుడు, పాటను శ్రోతల పాలు చేసి, ఆ శ్రోతలు కచేరీకి వస్తారని నమ్మడంలో లెక్క తప్పలేదు. 2013లో సుస్మిత్ సేన్ కూడా తప్పుకొన్నారు. కొత్తవారు చేరి 2014లో 'తందాను', 2023లో 'తూ హై' తెచ్చినారు. పాతవారే ఇష్టమని భీష్మించే అభిమానులు ఉన్నారు. మా ఇంట్లోనే ఇద్దరు. మేము మాత్రం కొత్తవారి కచేరీలకు పోతున్నాము. వర్షం వచ్చినా సరే.

చివరకు మన భాష వద్దకు వస్తాము. త్యాగరాజస్వామి (1767-1847) పూర్వులు కాకర్లవారు, తమిళదేశంలో స్థిరపడిన తెలుగువారు, మనబోటి కుటుంబమే. తంజావూరు కొలువుకు పిలుపు వచ్చినా పోక ఉంఛవృత్తితో కాలం గడిపినారని పరంపరగా వింటున్నాము. ప్లేటు లేని కాలం గనుక వాలాజాపేట, తిల్లైస్థానం, ఉమయాళ్పురం శిష్యుల కంఠాలే ఆ పాటలకు ఆధారం. ఆ కీర్తనలను ఎలక్ట్రిక్ గిటారులతో పాడే బృందం బెంగుళూరులో 2003లో మొదలైనది, 'అగం' అని పేరు. చాలామంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసుకుంటూనే సాధన సాగించినారు. 2007లో తమిళ టెలివిజన్ పోటీలో గెలిచి, 2012లో మొదటి సంపుటి, 2017లో రెండవది తెచ్చినారు. గాయకులు హరీశ్ శివరామకృష్ణన్‌గారు మలయాళ దేశస్థులు. రెండవ సంపుటిలో నళినకాంతి రాగకీర్తన 'మనవ్యాలకించరాదటె' ఉన్నది. దానికి 'మిస్ట్ ఆఫ్ కాప్రికార్న్' అని ఇంగ్లీషు పేరు ఎందుకు తగిలించినారో, ఆ మకరరాశి మంచుకూ త్యాగయ్యకూ ఏమి చుట్టరికమో మాకు బోధపడలేదు. డ్రమ్ముల హోరులో అక్కడక్కడ సాహిత్యం నలుగుతుందని సంప్రదాయజ్ఞులు అనే మాటలో నిజం లేకపోలేదు. రాగం మాత్రం చెక్కుచెదరలేదు.

ఆ కీర్తన ఎత్తుకొన్న రాత్రి మేము బెంగుళూరులో సభలో ఉన్నాము. చుట్టూ కన్నడ, తమిళ, మలయాళ, హిందీ కుర్రవాళ్ళు. తెలుగు చదవడం రాని మా మనుమరాలు వారి నడుమ. అందరూ మాట పొల్లుపోకుండా పాడినారు. ఇంటికి రాగానే పిల్ల "మనవి అంటే ఏమిటి?" అని అడిగింది. మేము నోరు విప్పేలోగా, "పెళ్ళెవరిది" అన్న పెద్దావిడే మంచం మీద లేచి కూర్చున్నది. అర్థం చెప్పింది, రాగం పేరు చెప్పింది, తాను చిన్నప్పుడు నేర్చిన పద్ధతిలో నెమ్మదిగా పల్లవి అందుకొన్నది. పిల్ల ఫోనులో బృందం పాడినది వినిపిస్తే చివరిదాకా విని, "తొందరెక్కువ" అన్నది. కాసేపాగి, "మళ్ళీ ఎప్పుడు పాడతారట?" అని అడిగింది.