పాఠ్యం – నమోదు: సాధారణ వెబ్‌సైట్ వేదికలపై అంతర్జాల కోర్సు – చారిత్రక పరిశీలన
(మేడ్చల్, శామీర్‌పేట ప్రాంత ఉన్నతవిద్య నేపథ్యంలో)

వ్యాససంగ్రహం

బోధన కోసం ప్రత్యేకించి రూపొందని సాధారణ వెబ్‌సైట్ నిర్మాణ వేదికలపై కోర్సులు నడిపే పద్ధతి ఎలా పరిణమించిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కోర్సుకు పాఠ్యం, నమోదు అనే రెండు అంగాలు ఉన్నాయనీ, సాధారణ వేదిక మొదటిదాన్ని మాత్రమే సమర్థంగా మోయగలదనీ ప్రతిపాదిస్తుంది. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతంలోని ఉన్నతవిద్యా సంస్థలను నేపథ్యంగా తీసుకొని, తెలుగు పాఠ్యాల భద్రతకు ఈ విభజన ఎందుకు కీలకమో వివరిస్తుంది.

కీలకపదాలు: దూరవిద్య, అంతర్జాల కోర్సు, వెబ్‌సైట్ నిర్మాణ వేదిక, మూడుల్, స్వయం, యూనికోడ్, పాఠ్యం, నమోదు.

1. ప్రవేశిక

2020 మార్చిలో కోవిడ్ కారణంగా విద్యాసంస్థలు మూతపడినప్పుడు తెలుగు రాష్ట్రాల అధ్యాపకులు తమ పాఠాలను చేతికందిన సాధనాలతోనే విద్యార్థులకు చేర్చవలసి వచ్చింది. జూమ్, గూగుల్ మీట్ వంటివి తరగతి గదికి బదులుగా నిలిచాయి. వాట్సాప్ సమూహాలు నోటీసుబోర్డులయ్యాయి. కొంత స్థిరమైన చోటు కావాలనుకున్నవారికి బ్లాగర్, వర్డ్‌ప్రెస్, గూగుల్ సైట్స్ వంటి సాధారణ వేదికలు అందుబాటులో ఉన్నాయి. ఖర్చు లేకుండా, సాంకేతిక నిపుణుల సాయం లేకుండా ఒక పూట పనితో పుటలు సిద్ధం చేసుకోగలగడం వీటి ఆకర్షణ.

ఇలా సిద్ధమైన పుటల సముదాయాన్ని కోర్సు అనవచ్చా? ఈ ప్రశ్నకు సమాధానం కోసం దూరవిద్య చరిత్రను చూడాలి. ఈ వ్యాసంలో 'పాఠ్యం' అంటే చదవడానికి, వినడానికి, చూడటానికి ఇచ్చే సామగ్రి. 'నమోదు' అంటే ఎవరు చేరారు, ఏమి రాసి సమర్పించారు, ఎలా మూల్యాంకనం జరిగింది అనే లిఖిత ఆధారం. ఈ రెండూ కలిసినప్పుడే కోర్సు పూర్ణరూపం పొందుతుంది.

2. అంతర్జాలానికి ముందటి దూరవిద్య

భారతదేశంలో విశ్వవిద్యాలయ స్థాయి కరస్పాండెన్స్ కోర్సులు 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో మొదలయ్యాయి. దేశంలోని తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పేరుతో ఏర్పడింది. ఆచార్య జి. రాంరెడ్డి దానికి తొలి ఉపాధ్యక్షులు. 1991లో అది డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అయింది.

ఆ విశ్వవిద్యాలయ నిర్మాణంలో పాఠ్యం, నమోదు వేరువేరుగా ఉండి ఒకదానికొకటి తోడ్పడ్డాయి. స్వయంగా చదువుకొనేందుకు వీలుగా రాసిన అచ్చుపుస్తకం పాఠ్యం. అధ్యయన కేంద్రం, పరీక్ష, మార్కుల జాబితా నమోదు. ఇక్కడ ఒక విషయం గమనించదగినది. సార్వత్రిక విశ్వవిద్యాలయంలో ఎన్నడూ చేరని పోటీపరీక్షల అభ్యర్థులు కూడా తెలుగు అకాడమి పుస్తకాలతో పాటు దాని పుస్తకాలను వెతికి చదివారు. అంటే పాఠ్యం నమోదు హద్దులు దాటి లోకంలోకి వెళ్లింది. డిగ్రీ మాత్రం నమోదైనవారికే దక్కింది.

1984లో యూజీసీ దేశవ్యాప్త తరగతి కార్యక్రమం దూరదర్శన్‌లో మొదలైంది. 2004లో విద్య కోసం ఎడ్యుశాట్ ఉపగ్రహాన్ని ప్రయోగించారు. ఉమ్మడి రాష్ట్రంలోని మన టీవీ, తెలంగాణ ఏర్పడిన తర్వాత టీ-శాట్ ఈ దారిలోనివే. 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణ విద్యార్థులకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. ప్రసారం పాఠ్యాన్ని చేర్చగలదు కాని ఎవరు విన్నారో చెప్పలేదు. ఆ పని ఉపాధ్యాయుల మీదనే పడింది.

3. సాధారణ వేదికల నుంచి బోధనా వేదికలకు

సొంత పుటలు కట్టుకొనే వీలును సామాన్యులకు కల్పించిన తొలి వేదికల్లో 1994లో మొదలైన జియోసిటీస్ ముఖ్యమైనది. ఆ దశాబ్దంలోనే విశ్వవిద్యాలయ అధ్యాపకులు తమ పాఠ్యప్రణాళికలను, నోట్సును జాలంలో ఉంచడం మొదలుపెట్టారు. పాఠం ఉంచడం సులువే అయినా విద్యార్థుల జాబితా, ప్రశ్నపత్రం, మార్కులు, చర్చ ఒకేచోట ఉండేందుకు ఏర్పాటు లేదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ శాస్త్ర అధ్యాపకుడైన మర్రే గోల్డ్‌బర్గ్ 1990ల మధ్యలో వెబ్‌సీటీని రూపొందించింది ఈ లోటును తీర్చడానికే. ఆస్ట్రేలియాలోని కర్టిన్ విశ్వవిద్యాలయంలో వెబ్‌సీటీ నిర్వహణ చూసిన మార్టిన్ డౌగియామస్ 2002లో మూడుల్ తొలి రూపాన్ని విడుదల చేశాడు. అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కావడం వల్ల ఏ కళాశాల అయినా తన సర్వరులో స్థాపించుకోవచ్చు.

ఇదే కాలంలో సాధారణ వేదికలు కూడా పెరిగాయి. 1999లో బ్లాగర్, 2003లో వర్డ్‌ప్రెస్, 2006లో విక్స్, 2008లో గూగుల్ సైట్స్ వచ్చాయి. వర్డ్‌ప్రెస్‌కు తర్వాత కోర్సు నిర్వహణ కోసం అదనపు ప్లగిన్లు కూడా పుట్టాయి. నమోదు లేని చోట నమోదును అతికించే ప్రయత్నమిది.

2008లో మానిటోబా విశ్వవిద్యాలయం తరఫున జార్జ్ సీమెన్స్, స్టీఫెన్ డౌన్స్ నడిపిన కోర్సు ఈ చరిత్రలో ఒక మలుపు. రుసుము చెల్లించి క్రెడిట్ కోసం చేరినవారు సుమారు 25 మంది. ఉచితంగా పాల్గొన్నవారు రెండు వేలకు పైబడినవారు. బ్లాగులు, వికీ, మూడుల్ కలగలిపి నడిచిన ఆ కోర్సులో పాఠ్యం అందరిది, మూల్యాంకనం కొందరిది. 'మూక్' అనే పేరు పుట్టింది ఆ సందర్భంలోనే. సార్వత్రిక విశ్వవిద్యాలయ పుస్తకాల విషయంలో అప్రయత్నంగా జరిగినది ఇక్కడ ఉద్దేశపూర్వకంగా జరిగింది.

2017 జూలై 9న ప్రారంభమైన స్వయం వేదిక కోర్సును నాలుగు భాగాలుగా నిర్వచించింది: వీడియో ఉపన్యాసం, చదువుకొనే సామగ్రి, స్వీయమూల్యాంకన పరీక్షలు, సందేహనివృత్తికి చర్చావేదిక. సాధారణ వేదిక మొదటి రెండింటినీ చక్కగా మోస్తుంది. తర్వాతి రెండింటికి గూగుల్ ఫారం వంటి వాటిని జోడించుకోవాలి. ఫారంలో వచ్చిన సమాధానాలు వేరే పట్టికలో చేరతాయి. ఏ విద్యార్థి ఏ పాఠం వరకు వచ్చాడో పుటకు తెలియదు.

4. మేడ్చల్, శామీర్‌పేట నేపథ్యం

2016 అక్టోబరు 11న రంగారెడ్డి జిల్లా నుంచి మేడ్చల్–మల్కాజ్‌గిరి జిల్లా ఏర్పడింది. హైదరాబాదుకు ఉత్తరాన ఉన్న ఈ ప్రాంతంలో భిన్నస్థాయుల ఉన్నతవిద్యా సంస్థలు పక్కపక్కనే ఉన్నాయి. 1998లో స్థాపితమైన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం శామీర్‌పేటలో ఉంది. పేటెంట్ చట్టం, సైబర్ చట్టాలు, మీడియా చట్టాలు వంటి అంశాల్లో అది దూరవిద్యా పద్ధతిలో పీజీ డిప్లొమాలు నిర్వహిస్తోంది. శామీర్‌పేటకు చేరువలోని జవహర్‌నగర్‌లో 2008లో బిట్స్ పిలానీ హైదరాబాద్ ప్రాంగణం మొదలైంది. అక్కడ మూడుల్ ఆధారిత కోర్సు నిర్వహణ వ్యవస్థ వాడుకలో ఉంది. ఇటు మేడ్చల్ దారిలో కండ్లకోయ, మైసమ్మగూడ పరిసరాల్లో అనుబంధ ఇంజనీరింగ్ కళాశాలలు విస్తరించాయి.

సొంత సర్వరు, దాన్ని చూసుకొనే సిబ్బంది ఉన్న సంస్థలో నమోదు సంస్థ చేతిలోనే ఉంటుంది. అవి లేని చిన్న డిగ్రీ కళాశాలలో తెలుగు అధ్యాపకుడు తన వ్యక్తిగత ఖాతాతో సాధారణ వేదికపై పుటలు కట్టుకుంటే, పాఠ్యమూ నమోదూ ఆ ఖాతాకే చెందుతాయి. బదిలీ అయినా, పదవీ విరమణ జరిగినా కళాశాలకు మిగిలేది లింకు మాత్రమే. ఒకే ప్రాంతంలోని విద్యార్థుల మధ్య కనిపించే ఈ అంతరానికి కారణం అధ్యాపకుల శ్రద్ధలో తేడా కాదు, వ్యవస్థలో తేడా.

అయితే మూడుల్ పక్షాన కూడా ఒక లోపముంది. సాధారణంగా అందులోని పాఠాలు ప్రవేశపదం వెనుక ఉంటాయి. సెమిస్టర్ ముగిశాక బయటి పాఠకుడికి, శోధనయంత్రానికి అవి కనబడవు. ఆంగ్లంలో ప్రత్యామ్నాయ పాఠ్యం విస్తారంగా ఉంది కనుక అక్కడ ఆ నష్టం పెద్దగా తెలియదు. ఛందస్సుపైనో శాసనభాషపైనో తెలుగులో రాసిన ఒక మంచి పాఠం మూతపడితే, దానికి బదులు మరొకటి దొరకడం కష్టం.

5. తెలుగు పాఠ్యం, యూనికోడ్

1991 నాటి యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగుకు స్థానం దక్కింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో తెలుగును చూపించింది. కానీ ముద్రణరంగంలో అనూ వంటి ఫాంట్ల వాడుక కొనసాగింది. ఆ ఫాంట్లలో టైపు చేయించిన నోట్సును వెబ్‌సైట్ పుటలో అతికిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. అందువల్ల చాలామంది దాన్ని పీడీఎఫ్‌గా మార్చి ఎక్కిస్తారు. కంటికి తెలుగు కనిపిస్తుంది, శోధనకు దొరకదు. పుట తెరిచి ఉన్నా పాఠ్యం మూసి ఉన్నట్లే. సాధారణ వేదిక ఇచ్చే బహిరంగత యూనికోడ్ పాఠ్యానికే ఫలిస్తుంది.

6. వేదికల అస్థిరత

జియోసిటీస్ 2009 అక్టోబరులో మూతపడింది. ఉపాధ్యాయులు విరివిగా వాడిన వికీస్పేసెస్ 2018లో నిలిచిపోయింది. గూగుల్ విద్యాసంస్థలకిచ్చిన అపరిమిత నిల్వ స్థానంలో 100 టెరాబైట్ల ఉమ్మడి పరిమితిని 2021లో ప్రకటించి, 2022 జూలై నుంచి పాత సంస్థలకూ వర్తింపజేసింది. అద్దెయింటి గోడమీద రాసిన లెక్క యజమాని సున్నం కొట్టించేదాకానే ఉంటుంది. అచ్చుపుస్తకం పాతపుస్తకాల దుకాణంలోనైనా దొరుకుతుంది, మూతపడిన వేదికలోని పాఠానికి ఆ అవకాశం లేదు.

7. ముగింపు

పై పరిశీలన వల్ల ఈ అంశాలు తేలుతున్నాయి.

1. దూరవిద్య చరిత్ర పొడవునా పాఠ్యం, నమోదు వేరువేరు అంగాలుగానే ఉన్నాయి. రెండింటినీ ఒకే సాధనం మోయాలన్న నియమం లేదు.

2. సాధారణ వెబ్‌సైట్ వేదిక పాఠ్యానికి తగినది, నమోదుకు చాలదు. విద్యార్థుల వివరాలు, సమాధానాలు, మార్కులు కళాశాల అధీనంలోని వ్యవస్థలో ఉండాలి. మూడుల్ లేనిచోట కాగితపు రిజిస్టరైనా సరిపోతుంది.

3. తెలుగు పాఠ్యం యూనికోడ్‌లో, వేదికతో సంబంధం లేని ప్రతితో సహా ఉండాలి. వర్డ్‌ప్రెస్ వంటివాటిలో ఎగుమతి సౌకర్యం ఉంది. ప్రతి సెమిస్టర్ చివర ఒక ప్రతిని కళాశాల గ్రంథాలయానికి అప్పగించడం అలవాటు కావాలి.

4. ఖాతా వ్యక్తి పేరుమీద కాక విభాగం పేరుమీద ఉన్నప్పుడే పాఠ్యం తర్వాతి అధ్యాపకుడికి వారసత్వంగా అందుతుంది.

సార్వత్రిక విశ్వవిద్యాలయ పుస్తకాలు నమోదు కాని పాఠకులకు చేరినట్లే, నేటి తెలుగు పాఠాలు కూడా తరగతి జాబితాలో లేనివారికి చేరగలవు. దానికి కావలసిన సాధనాలు చిన్న కళాశాలకు కూడా అందుబాటులోనే ఉన్నాయి. అవి నిలవాలంటే అధ్యాపకుని వ్యక్తిగత శ్రమను విభాగం తన బాధ్యతగా స్వీకరించాలి.