సీటు వచ్చేలోపు: ప్రవేశాల కాలంలో ఆన్‌లైన్ చర్చలు, విద్యార్థుల ఆందోళన

ఇంజినీరింగ్, వైద్య కళాశాలల్లో చేరగోరే విద్యార్థికి చివరి పరీక్ష రాసిన రోజుతో పరీక్షాకాలం ముగియదు. ప్రాథమిక 'కీ', అభ్యంతరాలు, తుది 'కీ', ర్యాంకులు, వెబ్ ఆప్షన్లు, విడతలవారీగా సీట్ల కేటాయింపు... జనవరిలో జేఈఈ మెయిన్ తొలి విడత రాసినవారికి ఈ నిరీక్షణ నెలల తరబడి సాగుతుంది. ఒకప్పుడు అది ఇంటికి, కళాశాల నోటీసు బోర్డుకు పరిమితమై ఉండేది. ఇప్పుడు టెలిగ్రామ్, వాట్సాప్ బృందాల్లోను, రెడిట్, కోరా వంటి చర్చావేదికల్లోను రాత్రింబవళ్లు కొనసాగుతోంది.

ఆందోళన మొదలయ్యేది పర్సంటైల్ దగ్గర. జాతీయ పరీక్షల సంస్థ (ఎన్‌టీఏ) 2019 నుంచి నిర్వహిస్తున్న జేఈఈ మెయిన్ అనేక షిఫ్టుల్లో జరుగుతుంది. అందువల్ల మార్కులను నేరుగా పోల్చక, ఆయా షిఫ్టులో అభ్యర్థి ఎంత శాతం మందితో సమానంగానో, ముందుగానో ఉన్నారో తెలిపే పర్సంటైల్‌ను ఏడు దశాంశ స్థానాల వరకు లెక్కిస్తారు. తనకెన్ని మార్కులు వస్తాయో 'కీ' చూసి తెలుసుకోవచ్చు గాని, తన షిఫ్టులో మిగతావారు ఎలా రాశారో ఏ విద్యార్థికీ తెలియదు. ఆ వెలితిని 'ఇన్ని మార్కులకు ఇంత పర్సంటైల్' అనే అనధికార పట్టికలు భర్తీ చేస్తాయి. ఒక్కో బృందంలో ఒక్కో పట్టిక. అన్నీ అంచనాలే అయినా, ఫలితం వెలువడే వరకు కుర్రవాడికి అదే ఫలితం.

తమ మార్కులు ముందుకు వచ్చి చెప్పేవారిలో అధికులు బాగా రాసినవారే కావడం సహజం. తక్కువ వచ్చినవారు చదివి ఊరుకుంటారు. కనుక బృందంలో కనిపించే సగటు, పరీక్ష రాసిన లక్షలాది మంది సగటు కాదు. సరైన కొలమానం లేనిచోట మనిషి తనను ఇతరులతో పోల్చుకొనే తన స్థాయిని నిర్ధారించుకుంటాడని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త లియోన్ ఫెస్టింగర్ 1954లోనే ప్రతిపాదించారు. ఈ బృందాల్లో పోలికకు దొరికేవారే ముందువరుసవారు.

సీట్ల కేటాయింపు దశలో చిక్కు మరో రకం. ఐఐటీలు, ఎన్‌ఐటీలు, ట్రిపుల్ ఐటీల సీట్లను 2015 నుంచి 'జోసా' ఉమ్మడిగా కేటాయిస్తోంది. గత సంవత్సరాల ప్రారంభ, ముగింపు ర్యాంకులు దాని వెబ్‌సైట్‌లో అందరికీ లభిస్తాయి. అయితే ఎన్‌ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వారివి. ఆపై రిజర్వేషన్ కేటగిరీలు, బాలికలకు ప్రత్యేకించిన సీట్లు వేరు. సొంత రాష్ట్రమంటే పుట్టిన ఊరు కాదు, ఇంటర్ ఉత్తీర్ణులైన రాష్ట్రం. హైదరాబాద్‌లో ఇంటర్ పూర్తిచేసిన కడప విద్యార్థి ఈ లెక్కలో తెలంగాణ అభ్యర్థి. ఈ వివరాలేవీ లేకుండా 'ఈ ర్యాంకుకు వరంగల్ రాదు' అని ఎవరో రాసిన ఒక్క వాక్యం ఒక ఇంట్లో ఆ రాత్రికి నిద్ర లేకుండా చేయగలదు.

'రాని కళాశాలను మొదట పెడితే ఆప్షన్ వృథా' అన్న సలహా కూడా ఏటా తిరుగుతూనే ఉంటుంది. జోసా విధానంలో ఇది నిజం కాదు. పై ఆప్షన్ దక్కకపోతే అదే ర్యాంకుతో కింది ఆప్షన్‌ను పరిశీలిస్తారు; అవకాశమేమీ తగ్గదు. 'ఫ్లోట్' ఎంచుకుంటే చేతిలోని సీటు పోతుందన్న భయమూ అటువంటిదే. అభ్యర్థి తానే పైన పెట్టుకున్న ఆప్షన్ దక్కినప్పుడు మాత్రమే పాత సీటు రద్దవుతుంది.

అలాగని ఈ చర్చలను పూర్తిగా తోసిపుచ్చలేము. ఇంట్లో తొలిసారి కళాశాల గడప తొక్కుతున్న గ్రామీణ విద్యార్థికి ఫీజులు, హాస్టల్, ధ్రువపత్రాల గురించి చెప్పే సీనియర్లు మరెక్కడా దొరకరు. కులధ్రువీకరణ పత్రం ఏ నమూనాలో ఉండాలో అక్కడ తెలుసుకొని సకాలంలో సరిదిద్దుకోవచ్చు.

వదంతుల సంగతి వేరు. 2024 నీట్ వివాదంలో పునఃపరీక్షకు సుప్రీంకోర్టు జూలై 23న నిరాకరించేదాకా 23 లక్షలకు పైగా అభ్యర్థులు అనిశ్చితిలో గడిపారు. మరుసటి ఏడాది పరీక్షకు ముందు ప్రశ్నపత్రం తమవద్ద ఉందంటూ తప్పుడు ప్రచారం చేస్తున్న 106 టెలిగ్రామ్, 16 ఇన్‌స్టాగ్రామ్ ఛానెళ్లను ఎన్‌టీఏ గుర్తించింది. డబ్బు పోగొట్టుకోని విద్యార్థికి కూడా, తాను తప్ప అందరూ పేపరు చూశారేమోనన్న అనుమానం మిగులుతుంది.

విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పునిస్తూ, విద్యాసంస్థలకు, శిక్షణ కేంద్రాలకు 15 మార్గదర్శకాలు జారీచేసింది. మార్కులనుబట్టి విద్యార్థులను వేర్వేరు బ్యాచ్‌లుగా విడదీయరాదన్నది వాటిలో ఒకటి. తరగతి గదిలో వద్దన్న ఆ విభజనే ఫోన్‌లో విద్యార్థులు తమకు తాము చేసుకుంటున్నారు.

ఆందోళన నిద్రను, ఆహారాన్ని దెబ్బతీసే స్థాయికి చేరినప్పుడు విద్యార్థులు, తల్లిదండ్రులు కేంద్ర ప్రభుత్వ 'టెలి మానస్' సహాయ కేంద్రానికి 14416 నంబరుపై ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన ఈ సేవ తెలుగులోనూ లభిస్తుంది.