మంచు రోడ్డు, రేగడి డొంక

వానాకాలం మా నల్లపాడు రేగడి డొంకలో బండి దిగబడితే చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. మంచులోనూ అంతే.

1980లో ఆడి క్వాట్రో ఇంజను బలాన్ని నాలుగు చక్రాలకీ పంచింది. అయినా 1983 మాంటె కార్లో ర్యాలీలో రోడ్లు చాలావరకు పొడిగా ఉండేసరికి వెనక చక్రాల లాన్చియా 037లో వాల్టర్ రోర్ల్ గెలిచాడు. 1984లో మంచు దట్టం. అదే రోర్ల్ క్వాట్రోలో గెలిచాడు!

1986తో గ్రూప్-బి రాకాసి కార్లు పోయాయి. కనీసం 5000 కార్లు తయారైన మోడలే ర్యాలీకి రావాలన్నారు. అలా ఫోర్-వీల్ డ్రైవ్ హాట్ హాచ్ షోరూముకొచ్చింది. డెల్టాతో లాన్చియా 1987-92 ఆరేళ్ళూ టైటిల్ కొట్టింది.

మిషిగన్‌లో మనవాళ్ళు "ఏడబ్ల్యూడీ ఉందిగా, వింటర్ టైర్లు దండగ" అంటారు. కదిలించడానికి సరే, ఆపడానికో? బ్రేకులు అన్ని కార్లకీ నాలుగు చక్రాలకే కదండీ. కారు బేరమాడేప్పుడు టైర్ల ఖర్చు కూడా కలుపుకోండి.