నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు: రావి నారాయణరెడ్డి అసలు కథ

నల్లగొండలో ఎవరిని అడిగినా ఒక మాట చెప్తారు: "మా రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు పడ్డాయి." నిజమే. 1952లో ఆయనకు 3,09,162 ఓట్లు, నెహ్రూకు 2,33,571. అయితే ఆ నంబర్ దగ్గరే ఆగిపోతే అసలు కథ మిస్సవుతాం.

ఆయన 1908లో భువనగిరి దగ్గర బొల్లేపల్లిలో, భూములున్న కుటుంబంలో పుట్టారు. 1930లో చదువు వదిలేసి కాకినాడ ఉప్పు సత్యాగ్రహానికి వెళ్లారు. తర్వాత హైదరాబాద్ రాజ్యంలో హరిజన సేవక సంఘం పని చేశారు, 1938 సత్యాగ్రహంలో జైలుకెళ్లారు. 1941లో చిలుకూరులో, 1944లో భువనగిరిలో ఆంధ్ర మహాసభకు అధ్యక్షుడయ్యారు. చదువుకున్నోళ్ల వేదికగా మొదలైన ఆ సభ, ఆయన కాలంలో రైతుల, కూలీల 'సంఘం' అయింది. వెట్టి చేయం, అక్రమంగా లాక్కున్న భూమి వదలం అని ఊళ్లకు ఊళ్లే లేచాయి. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య చనిపోయాక అది సాయుధ పోరాటంగా మారింది. దొరలకు ఎదురు నిలబడ్డ ఆ సంఘానికి నాయకుడు కూడా భూస్వామి బిడ్డే. సొంత భూమి కూడా పేదలకు పంచాడు కాబట్టే జనం ఆయన్ని నమ్మారు.

ఇక్కడి నుంచే కష్టమైన చాప్టర్. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ జరిగింది, నిజాం పాలన పోయింది. ఇప్పుడు తుపాకీ దించాలా, వద్దా? పార్టీ రెండుగా చీలింది. దించాలన్న వైపు నారాయణరెడ్డి నిలబడ్డారు. అడవుల్లో ఇంకా సహచరులు ప్రాణాలు పోగొట్టుకుంటున్న టైంలో ఆ మాట అనడం చిన్న విషయం కాదు. చాలామంది దాన్ని వెనకడుగు అన్నారు. చివరికి 1951 అక్టోబర్‌లో పార్టీయే పోరాటాన్ని విరమించింది.

తర్వాత కొద్ది నెలలకే ఎన్నికలు. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉంది కాబట్టి, పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరుతో పోటీ చేశారు. నిన్నటిదాకా పోలీసులు వెతికిన సంఘపోళ్లకు జనం లక్షల్లో ఓటేశారు.

కొందరు అంటారు, "నల్లగొండ ద్విసభ్య నియోజకవర్గం, ఒక్కొక్కరికి రెండు ఓట్లు, అందుకే అంత నంబర్" అని. లాజిక్ చెక్ చేద్దాం. నెహ్రూ పోటీ చేసిన అలహాబాద్ సీటు కూడా ద్విసభ్యమే. పైగా రెండు ఓట్లూ ఒకే అభ్యర్థికి వేసే వీల్లేదు. కాబట్టి ఆ వాదన నిలబడదు.

కానీ ఆ రెండో ఓటు సంగతి మనం మర్చిపోయాం. నల్లగొండ నుంచి రిజర్వుడు సీటులో గెలిచింది సుంకం అచ్చాలు, అదే ఫ్రంట్ అభ్యర్థి. వెట్టి చేసిన ఊళ్లు ఒక దళితుణ్ణి పార్లమెంటుకు పంపాయి. నెహ్రూతో పోలిక అందరి నోట్లో ఉంది, అచ్చాలు పేరు ఎంతమందికి తెలుసు? నా లెక్కలో ఈ ఎన్నికలో పెద్ద వార్త అదే.

నారాయణరెడ్డి 1957లో భువనగిరి ఎమ్మెల్యేగా, 1962లో మళ్లీ నల్లగొండ ఎంపీగా గెలిచారు. 1991లో చనిపోయారు. మరుసటి ఏడాది పద్మవిభూషణ్ ఇచ్చారు.

ఒక్క రిక్వెస్ట్. అప్పట్లో ఓటు వయసు 21. అంటే 1952లో ఓటేసినోళ్లు ఇప్పుడు తొంభై దాటినోళ్లే. మీ ఊళ్లో అలాంటి తాతో, అవ్వో ఉంటే పక్కన కూర్చొని అడగండి: "ఆ రోజు రెండు ఓట్లు ఎవరెవరికి ఏసినవ్?" ఫోన్‌లో రికార్డ్ చేయండి. 3,09,162 అనే నంబర్ ఎక్కడికీ పోదు. దాని వెనక ఉన్న మనుషులే వెళ్లిపోతున్నారు.

ఉంటానండీ, మళ్లీ కలుద్దాం.