ఎముక చెప్పే గుర్రం కథ

మన బెంగుళూరు జె.సి. నగర్‌లో మైసూరు లాన్సర్ల స్మారక స్తంభం ఉంది. 1918 సెప్టెంబరు 23న పాలస్తీనాలోని హైఫా పట్టణాన్ని జోధ్‌పూర్ దళంతో కలిసి పట్టుకున్న ఆశ్విక దళం అది. ఆ రౌతుల సంగతి రాయి చెబుతుంది. రాతలు లేని కాలపు రౌతుల సంగతి ఎవరు చెప్పాలి? ఎముకలే చెప్పాలి. కాని ఎముక మితభాషి. అది అనని మాట దాని నోట పెట్టడం తేలిక.

ఇందుకు ఉదాహరణ మన కర్ణాటకలోనే ఉంది. హావేరి ప్రాంతంలో తుంగభద్ర ఒడ్డున హల్లూరు అనే పల్లె. 1965లో అక్కడ ఎం.ఎస్. నాగరాజరావుగారు తవ్వకాలు జరిపారు. దొరికిన జంతువుల ఎముకలను పశువైద్య శాస్త్రం చదివిన కె.ఆర్. ఆలూరుగారు పరీక్షించారు. నవీన శిలాయుగపు పొరల్లోని కొన్ని ఎముకలు గుర్రానివని 1971లో వెలువడిన నివేదికలో రాశారు. దానితో వివాదం మొదలైంది. గుర్రం ఆర్యులతోనే ఈ దేశానికి వచ్చిందంటే, అంత తొందరగా దక్షిణాదికి ఎలా చేరింది? కొందరు ఆ ఎముకలనే శంకించారు, కొందరు వాటినే జెండాగా ఎత్తారు. ఆలూరుగారు మాత్రం తన నిర్ధారణకు కట్టుబడే ఉన్నారు.

శంకకు కారణం లేకపోలేదు. గుర్రానికీ, గాడిదకూ, కచ్ ఎడారిలోని అడవి గాడిదకూ ఎముకలు దగ్గర పోలిక. పంటి మీది పింగాణీ మడతలు, కాలి ఎముకల కొలతలు చూసి విడదీయాలి. చేతికందినవి నాలుగు ముక్కలైతే నిపుణులకే ఏకాభిప్రాయం కుదరదు.

అది గుర్రమే అనుకుందాం. గుర్రం ఉండటం వేరు, దాన్ని ఎక్కి తిరగడం వేరు. గుర్రం నోట్లో ముందు పళ్ళకూ దవడ పళ్ళకూ నడుమ ఖాళీ ఉంటుంది. కళ్ళెం ఇనుము అక్కడే కూర్చుంటుంది. గుర్రం దాన్ని నాలుకతో వెనక్కి నెట్టి కొరికితే, దవడ పళ్ళలో మొదటిదాని అంచు అరిగి ఏటవాలుగా తయారవుతుంది. ఆ అరుగుదల మూడు మిల్లీమీటర్లో ఆపైనో ఉంటే కళ్ళెం వేసినట్టేనని అమెరికాకు చెందిన డేవిడ్ ఆంథొనీ, డోర్కస్ బ్రౌన్ దంపతులు వాదించారు. వీపున బరువు మోసిన గుర్రానికి వెన్నుపూసల్లోనూ మార్పులు రావచ్చు.

ఉక్రెయిన్‌లోని దెరీవ్కాలో అలా పన్నరిగిన మగగుర్రం పుర్రె దొరికింది. ఆరువేల ఏళ్ళ నాటిదని, లోకంలో తొలి స్వారీకి సాక్ష్యమని పేరు వచ్చింది. తీరా కర్బన పరీక్ష చేస్తే అది ఇనుపయుగానిదని తేలింది. పై పొరలోంచి తవ్విన గోతిలో పడి కిందికి చేరింది! ఆ దంపతులే ఆ సాక్ష్యాన్ని ఉపసంహరించుకున్నారు. పండితులకు ఇంతకన్న గౌరవం ఏముంటుంది?

మనిషి ఎముకలదీ ఇదే కథ. తూర్పు ఐరోపా సమాధుల్లోని ఐదువేల ఏళ్ళనాటి కొందరి తుంటి, తొడ ఎముకలను చూసి వారు రౌతులని 2023లో ఒక బృందం చెప్పింది. అలాంటి గుర్తులు వేరే పనులవల్లా వస్తాయని 2024లో మరొక బృందం అడ్డు చెప్పింది.

ఎముక పక్కన వస్తువు కూడా దొరికితే అనుమానం తగ్గుతుంది. నాగపూరు దగ్గరి మహుర్‌ఝరి రాతివలయపు సమాధుల్లో, క్రీస్తుపూర్వం మొదటి సహస్రాబ్దిలో, గుర్రాలను కళ్ళేలతోనూ ముఖానికి కట్టే రాగి ఆభరణాలతోనూ పాతిపెట్టారు. అక్కడ గుర్రం మనిషి అదుపులో ఉన్నదనడానికి పంటి అరుగుదల కోసం వెతకనక్కరలేదు.

ఇక్కడ ఉంటున్న మనకు ఎవరు ముందు, ఎవరు వెనుక అన్న మాట అప్పుడప్పుడు చెవిన పడుతూనే ఉంటుంది. అలాంటప్పుడు పురాతన ఎముకను సాక్షిగా పిలవాలనిపిస్తుంది. హల్లూరును తాకిన తుంగభద్ర నీరే కిందికి పారి మన కృష్ణలో కలుస్తుంది. కన్నడిగులు కుదురె అన్నదాన్ని మనం గుర్రం అంటాం. ఆనాటి గుర్రం ఏ భాషలో అదిలిస్తే కదిలిందో ఏ పన్నూ చెప్పదు. చెప్పని దాన్ని చెప్పించకపోవడమే చరిత్రకు మనం చేయగల మర్యాద.