ఇంద్రవెల్లి లెక్క, జెనీవా ప్రశ్న

నారపల్లిలో గదులు అద్దెకు తీసుకుని చదువుకుంటున్న మన పిల్లలను ఒకసారి అడిగాను, ఇంద్రవెల్లిలో ఎంతమంది చనిపోయారని. ఒకరు పదమూడు అన్నారు. ఒకరు అరవై అన్నారు. ఇంకొకరు వందకు పైనే అన్నారు. ముగ్గురూ విన్నదే చెప్పారు.

1981 ఏప్రిల్ 20, సోమవారం, ఇంద్రవెల్లి సంత. భూముల పట్టాల కోసం, షావుకార్ల దోపిడీకి వ్యతిరేకంగా గిరిజన రైతుకూలీ సంఘం ఆ రోజు సభ పెట్టింది. వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయినవారు 13 మంది అని ప్రభుత్వం చెప్పింది. హక్కుల సంఘాలు అంతకు ఎన్నో రెట్లు అన్నాయి. ఆ తేడా ఇప్పటికీ తేలలేదు.

దానికి రెండేళ్ల ముందే, 1979లో, మన దేశం పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో చేరింది. అన్యాయంగా ఎవరి ప్రాణమూ తీయరాదని, శాంతియుతంగా సభ జరుపుకునే హక్కు అందరికీ ఉందని ఆ ఒడంబడిక చెబుతుంది. అందులో చేరిన ప్రభుత్వం తన అమలు గురించి నివేదిక ఇవ్వాలి. ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల కమిటీలోని 18 మంది నిపుణులు దాన్ని చదివి, జెనీవాలో ప్రభుత్వ ప్రతినిధులను ప్రశ్నిస్తారు.

మన దేశపు మూడో నివేదిక మీద 1997 జూలైలో చర్చ జరిగింది. నాలుగోది 2001 చివరికల్లా ఇవ్వాల్సింది. దాని మీద చర్చ 2024 జూలైలో గానీ జరగలేదు. మధ్యలో 27 ఏళ్లు. వాకపల్లి ఆదివాసీ మహిళలు 2007లో చేసిన అత్యాచార ఫిర్యాదు ఆ కాలంలోదే. దర్యాప్తు లోపాలను చూపి 2023లో కోర్టు పోలీసులను నిర్దోషులుగా వదిలేసింది.

ఈ కమిటీ కోర్టు కాదు, శిక్ష వేయలేదు. వ్యక్తిగత ఫిర్యాదులకు వీలిచ్చే అదనపు ఒప్పందంలో మన దేశం చేరలేదు. మరి మనకేం లాభం? ప్రజాసంఘాలు రాసి పంపే నివేదికలను కూడా కమిటీ తీసుకుంటుంది. ప్రభుత్వ కాగితం పక్కన వాటిని పెట్టి చూసి ప్రశ్నలు తయారు చేసుకుంటుంది. మనం రాయకపోతే బల్ల మీద ఒకే కాగితం ఉంటుంది.

ఇంద్రవెల్లి నాటికి ఇరవై ఏళ్లున్నవారు ఇప్పుడు అరవై దాటారు. టీచర్లు పిల్లలను వారి దగ్గరకు పంపాలి. చనిపోయినవారి పేరు, ఊరు, చూసినవారు ఎవరు, ఏం చూశారు అన్నది నోటుబుక్కులో రాయించాలి. గోండిలో చెబితే గోండిలోనే రాయాలి. తెలుగు ఆ తర్వాత. లెక్క అక్కడ మొదలవ్వాలి.