వైపుల వరుస: రికార్డు మార్చే గ్రామఫోను, పద్యనాటక రికార్డుల పాఠక్రమం

వ్యాససంగ్రహం: 78 చుట్ల రికార్డులపై వెలువడిన పద్యనాటకాలను రాతలోకి తెచ్చేటప్పుడు ఏ వైపు తర్వాత ఏ వైపు వస్తుందనేది పాఠపరిష్కరణకు సంబంధించిన ప్రశ్న. దానికి సమాధానం చెప్పాలంటే రికార్డు మార్చే యంత్రం ఎలా పనిచేస్తుందో తెలియాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: గ్రామఫోను, పద్యనాటకం, పాఠపరిష్కరణ, బారువ, ఉద్దానం.

1. ప్రవేశిక

శ్రీకాకుళం జిల్లా సోంపేట మండలంలోని బారువ ఒకప్పటి రేవు. మహేంద్రతనయ సముద్రంలో కలిసే చోటు. ఆ ఊళ్లో కొబ్బరితోటను ఆనుకొని ఉన్న ఒక ఇంట్లో, రికార్డులను తానే మార్చుకొనే గ్రామఫోనును చూశాను. ఉప్పుగాలికి ఇనుపభాగాలు తుప్పుపట్టాయి. రబ్బరు చక్రం రాయిలా గట్టిపడింది. 2018 అక్టోబరులో ఉద్దానాన్ని ధ్వంసం చేసిన తిత్లీ తుఫానుకు ఆ గది తడిసి, రికార్డుల మీది లేబుళ్లు చాలావరకు ఊడిపోయాయి. అందులో పద్యనాటకం రికార్డులూ ఉన్నాయి. ఏది మొదటిది, ఏది చివరిది? ఇంట్లోవారికి తెలియదు, నేనూ చెప్పలేకపోయాను.

10 అంగుళాల లక్క రికార్డు ఒక వైపు సుమారు 3 నిమిషాలు పలుకుతుంది. 12 అంగుళాలదైతే మరో నిమిషం, నిమిషంన్నర ఎక్కువ. రంగస్థలం మీద రాగాలాపనతో, వన్స్‌మోర్‌లతో సాగే పద్యాన్ని ఈ కొలతలోకి కుదించవలసి వచ్చింది. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు, బలిజేపల్లి లక్ష్మీకాంతం సత్యహరిశ్చంద్రీయం, కాళ్లకూరి నారాయణరావు చింతామణి నాటకాల పద్యాలు ఇలాగే రికార్డులకెక్కాయి. ఒక ఘట్టమంతా వినిపించాలంటే అనేక రికార్డులు కావాలి. ఐరోపా సంగీతంలో సింఫనీకీ ఇదే ఇబ్బంది. శ్రోత లేచి రికార్డు మార్చే లోపల రసభంగం అవుతుంది. దీనికి విరుగుడుగా ఆస్ట్రేలియాలోని హోబర్ట్ పట్టణవాసి ఎరిక్ వాటర్‌వర్త్ 1925లో మార్పు యంత్రాన్ని రూపొందించాడు. 1927లో అమెరికాలోని విక్టర్ కంపెనీ 12 రికార్డులను పట్టే ఆటోమేటిక్ గ్రామఫోనును విపణిలోకి తెచ్చింది.

2. యంత్రం పనితీరు

బారువ యంత్రం తర్వాతి తరానిది. రికార్డులను పైనుంచి జారవిడిచే రకం. పళ్లెం మధ్యనున్న ఇరుసు పైభాగంలో చిన్న మెట్టు ఉంటుంది. రికార్డుల దొంతర ఆ మెట్టు మీద ఆగి ఉంటుంది. పాట ముగియగానే ముల్లు చివరి గాడిలో పడి లోపలికి వేగంగా జరుగుతుంది. యంత్రానికి సంకేతం ఆ వేగమే. పాట నడిచేటప్పుడు ముల్లు చుట్టుకు వెంట్రుకవాసి మాత్రమే జరుగుతుంది కనుక, పళ్లెం ఇరుసుకున్న కొక్కెం ఒక చిన్న మీటను ప్రతి చుట్టులోనూ మెల్లగా వెనక్కి నెడుతూ ఉంటుంది. ముల్లు ఒక్కసారిగా జరిగితే మీట వెనక్కి తగ్గేలోపే కొక్కెం దాన్ని తగులుతుంది. ఆ తాకిడికి పెద్ద పళ్లచక్రం కదులుతుంది. ఈ చక్రానికి ఒకచోట పళ్లు ఉండవు. విశ్రాంతిగా ఉన్నప్పుడు ఆ ఖాళీ ఇరుసు పక్కకు వస్తుంది. కదిలిన చక్రం ఇరుసు పళ్లతో కలిసి ఒక్క చుట్టు తిరిగి మళ్లీ ఖాళీ దగ్గర ఆగుతుంది. ఆ ఒక్క చుట్టులోనే చేయి పైకి లేచి పక్కకు తొలగుతుంది, దొంతరలో అడుగు రికార్డు మెట్టు మీదినుంచి జారి పళ్లెం మీద పడుతుంది, చేయి తిరిగి వచ్చి దిగుతుంది. పళ్లెం చేత్తో నెమ్మదిగా తిప్పుతూ ఇదంతా గమనించాను. లెక్కించే భాగం ఏదీ లేదు. ఉన్నదల్లా వేగానికి స్పందించే మీట ఒక్కటే.

తొలినాటి రికార్డులలో చాలావాటికి ఈ చివరి గాడి లేదు. అవి పెడితే యంత్రం మారకుండా అక్కడే తిరుగుతూ ఉంటుంది. పైగా ఇది కరెంటుతో నడిచేది. కరెంటు రాని పల్లెల్లో కీ ఇచ్చే పెట్టె గ్రామఫోనే దిక్కు. కీ ఇస్తూ, ముల్లు మారుస్తూ పక్కన కూర్చునే మనిషే అక్కడి మార్పు యంత్రం.

3. వైపుల సంఖ్య

చేత్తో మార్చే సెట్టులో మొదటి రికార్డుకు 1, 2 వైపులు, రెండోదానికి 3, 4 వైపులు ఉంటాయి. జారవిడిచే యంత్రంలో ఈ అమరిక పనికిరాదు. నాలుగు రికార్డుల సెట్టు అనుకుందాం. మొదటి నాలుగు వైపులు వినిపించాక మొదటి రికార్డు పళ్లెం మీద అడుగున, నాలుగోది పైన ఉంటాయి. దొంతరనంతా ఒకేసారి తిరగేసి మళ్లీ ఇరుసుకు ఎక్కిస్తే ముందుగా జారేది నాలుగో రికార్డే. అందువల్ల 5వ వైపు నాలుగో రికార్డు వెనుక ఉండాలి. జంటలు 1-8, 2-7, 3-6, 4-5 అవుతాయి. వాడిన రికార్డును పక్కకు తోసే తొలి యంత్రాలకు జంటలు వేరు: 1-5, 2-6, 3-7, 4-8. ఒకే సంగీతాన్ని విక్టర్ కంపెనీ మూడు అమరికల్లోనూ అమ్మింది.

తాళపత్ర ప్రతి చేతికి వస్తే పరిష్కర్త ముందుగా పత్రసంఖ్య చూస్తాడు. రికార్డు విషయంలో మనం ఆ జాగ్రత్త పాటించడం లేదు. రికార్డు వెనుక వైపు ఉన్నదే తరువాయి భాగమని భావించి రాసుకుంటాం. యంత్రం కోసం కూర్చిన సెట్టు విషయంలో ఆ నమ్మకం రాయబారం మధ్యలో ముగింపు పద్యాన్ని చొప్పిస్తుంది. అచ్చుపుస్తకంతో సరిచూస్తే చాలు కదా అనవచ్చు. చాలదు. నటులు రంగస్థలం మీదనే పద్యాలు వదిలేవారు, ముందువెనుకలు చేసేవారు. అచ్చుకు అనుగుణంగా దిద్దితే ప్రదర్శన పాఠం చెరిగిపోతుంది.

లేబుల్ పోయిన రికార్డుకు మిగిలే ఆధారం లేబుల్ అంచున లక్కలోనే ముద్రించిన మాట్రిక్స్ సంఖ్య. అది ముద్రణకు సంబంధించిన సంఖ్య. స్టూడియోలో ఏది ముందు పాడారో అది సూచించవచ్చు. కథలో ఏది ముందో తప్పనిసరిగా చెప్పదు. ఈ తేడాను మరిస్తే కొత్త పొరపాటు మొదలవుతుంది. కనుక లేబుల్ మీది వైపు సంఖ్య, మాట్రిక్స్ సంఖ్య, పద్యం ఎక్కడ తెగి మరో వైపుకు పోయిందనే వివరం, ఈ మూడూ రాతప్రతి అంచున వేర్వేరుగా నమోదు కావాలి.

బారువ రికార్డులలో లేబుళ్లు పోయినా లక్కలోని అంకెలు పోలేదు. సాయంత్రపు ఏటవాలు వెలుతురులో పెట్టి వాటికి ఫోటోలు తీసుకున్నాను. పక్కింట్లోనూ ఒక పెట్టెడు రికార్డులు ఉండేవని, తుఫాను తర్వాత చెత్తతోపాటు పారేశారని ఆ ఇంటి పెద్దావిడ చెప్పారు.